అక్క పంపిన ప్రశ్నార్థకాలు

నా చెవులు పోతున్నాయని నలుగురికీ తెలిసింది అక్క ఇంట్లో సీమావు చచ్చిపోయినప్పుడు.

అక్కది చింతామణి దాటాక మురుగమల్ల దారిలో ఒక పల్లె. రెండు సీమావులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసేది. నేను చిక్కబళ్ళాపురలో ఒంటిగదిలో ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అలిసిపోయి మానేశారు. నాకున్న ఒక్క తోబుట్టువు అక్క, వారానికి మూడుసార్లయినా ఫోన్ చేసేది. అప్పటికే ఫోన్లో నాకు గొంతు అందేది గాని మాటలు అందేవి కావు. మాట్లాడుతున్నది అక్కేనని తెలిసేది, ఏమంటోందో తెలిసేది కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊఁ కొడుతూ, గొంతు హెచ్చుతగ్గులను బట్టి మధ్యలో ఒక "సరేలే", ఒక "మంచిదే" వేస్తూ ఏడాదిపాటు నెట్టుకొచ్చాను. ఆ రోజూ అంతే. అక్క ఏదో చెప్పి ఆగింది. ఆగిందంటే నా వంతు వచ్చిందని "మంచిదేలే అక్కా, సంతోషం" అన్నాను. ఫోన్ కట్టయింది.

రెండు రోజుల తర్వాత బావ నేను పనిచేసే చోటికే వచ్చి, రెండుసార్లు పిలిచినా నేను పలక్కపోవడం చూసి, నా కుడి చెవిలో నోరు పెట్టి అరిచాడు.

"సీమావు సచ్చిపాయ అని మీయక్క ఏడుస్తా చెప్తే సంతోషమంటివంట! ఏమొచ్చెనప్పా నీకు?"

గదిలో అందరూ తలలెత్తి చూశారు. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నాడని సామెత. నేను వాణ్ణి కూడా మించిపోయాను. బావకు కూడా తల ఊపాను. ఆ తర్వాత అక్క ఫోన్ చెయ్యడం మానేసింది.

బెంగళూరులో డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరం ఎండిపోతోందని కాగితం మీద రాసి చూపించాడు. చెవికి మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే బస్సు ఇంజను ఇంకా పెద్దగా వినిపిస్తుంది, మనుషులు మాత్రం ఎప్పటిలాగే ఉంటారు. ఎడమ చెవి అప్పటికే సున్నా. కుడి చెవి దగ్గర, చుట్టూ చప్పుడు లేనప్పుడు, నిదానంగా మాట్లాడితే పది మాటల్లో రెండు దక్కుతాయి. ఆ రెండూ ఎన్నాళ్ళుంటాయో చెప్పలేనని డాక్టరు అదే కాగితం కింద రాశాడు.

నా ఉద్యోగం బాగేపల్లిలో, ఒక సర్కారీ కచేరిలో. ఇరవై ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నాను. మా పని బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. రైతు వచ్చి తన గోడు తెలుగులో చెప్పుకుంటాడు. నేను దాన్ని కన్నడంలో అర్జీగా టైపు చేస్తాను. మళ్ళీ తెలుగులో చదివి వినిపిస్తే ఆయన కన్నడంలో సంతకం పెడతాడు. కన్నడ రాష్ట్రంలో, ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఉన్న మా సీమలో అందరి సంగతీ ఇంతే. ఇంట్లో, పొలంలో, పోట్లాటలో తెలుగు. బడిలో నేర్చుకున్నది, చేత్తో రాసేది కన్నడం. తెలుగు అక్షరం ముక్క రాదు. ఎన్ని తరాలుగా ఇలా ఉన్నామో ఎవరికీ తెలియదు, ఇదొక లోటని కూడా ఎవరికీ తోచలేదు. చెవులు పోయేదాకా నాకూ తోచలేదు.

చెవులు పోయాక నన్ను కౌంటర్ నుంచి లేపి వెనకగదిలో పాత దాఖలాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో కూర్చోబెట్టారు. నాతో ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. పక్క సీటులో ఒకావిడ ఉంది. ఇరవై ఏళ్ళుగా నన్ను తెలుగులో ఆటపట్టించిన మనిషి. రోజూ మధ్యాహ్నం "తింటివా అప్పా, లేకుంటే కంప్యూటరే తినిపిస్తాదా?" అనేది. ఆవిడ కూడా చీటీ మీద "ఊట ఆయ్తా?" అని రాసి నా ముందు పెట్టింది. భోజనమైందా అని. కన్నడం నాకు అన్నం పెట్టిన భాష, దాని మీద నాకు కోపం లేదు. కానీ నా ఇంటి మాట నా దగ్గరికి వచ్చే దారి చెవి ఒక్కటే, కంటి దారి దానికి ఎవరూ వెయ్యలేదు. పదింటిలో చెవికి దక్కే ఆ రెండు మాటలూ పోయిన రోజు నుంచి నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళే ఉండరు, మిగిలిన బతుకంతా. ఆ చీటీ చేత్తో పట్టుకుని కూర్చుంటే నాకు నిజంగా భయమేసింది.

ఫోన్లో మా చుట్టాల గ్రూపు ఒకటి ఉంది. అందులో అందరూ గొంతులే పంపుతారు. తెలుగు రాయడం రాదు, కన్నడంలో చెప్పుకుంటే ఇంటి మాటలా ఉండదు, కాబట్టి మైకు నొక్కి మాట్లాడేస్తారు. నాకు కనిపించేవి వరసగా చిన్న చిన్న గీతలు, పక్కన ఎన్ని క్షణాలో అంకె. పెద్దత్త నలభై క్షణాలు, మండికల్ వదిన రెండు నిమిషాలు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఊరికే అనలేదు. దయచేసి రాయండని బతిమాలాను. రెండు రోజులు పువ్వుల బొమ్మలు, దండాలు పెట్టే చేతులు వచ్చాయి. మూడో రోజు మళ్ళీ గొంతులే.

అప్పుడు నాకు మొండి పట్టుదల వచ్చింది. మైకు గుర్తు లేని చోటు ఒకటి కట్టాలి, అందులోకి వచ్చినవాళ్ళు రాయక తప్పదు. ఒకప్పుడు కన్నడ టైపింగ్ చిక్కుల గురించి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం చదివేవాణ్ణి. ఒకరు ఒక సంగతి రాస్తే కింద మిగతావాళ్ళు రాసుకుంటూ పోతారు. అలాంటి ఫోరం నడిపే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుందని తెలుసు. ఇంటర్నెట్‌లో చోటు అద్దెకిచ్చే ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర చవకలో కాస్త చోటు తీసుకున్నాను.

చవక అంటే షేర్డ్ హోస్టింగ్. ఒకే సర్వర్ మీద ఎందరో అద్దెకుంటారు, మన వఠారం లాగే. మన గది తాళం మన చేతికిస్తారు. మీటరు బోర్డు, నీళ్ళ ట్యాంకు ముట్టుకోకూడదు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకమంతా సర్వర్ మొత్తం మీద అధికారం ఉన్నవాడి కోసం రాసినది. ఈ ఆజ్ఞ ఇవ్వండి, ఆ సెట్టింగు మార్చండి అంటుంది. నాకు ఆజ్ఞలిచ్చే చోటే లేదు. ఉన్నదల్లా బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక కంట్రోల్ ప్యానెల్, అందులో ఫైళ్ళు ఎక్కించే పేజీ, రాసినవన్నీ దాచుకునే డేటాబేస్ పట్టికలు చూసే పేజీ.

ఆదివారం పొద్దున్నే కూర్చునేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ మూట పెద్దదిగా ఉందని ప్యానెల్ తీసుకోలేదు, నాలుగు ముక్కలు చేసి ఎక్కించాను. సర్వర్ మీద ఉన్న ప్రోగ్రాములన్నీ పాత వెర్షన్లు, కొత్త ఫోరం వాటి మీద నడవదని తేలింది. వెతికి పాత ఫోరం తెచ్చాను. ఇన్‌స్టాలర్ తానే డేటాబేస్ తయారుచేస్తానంది, నీకా అధికారం లేదు పొమ్మంది సర్వర్. ప్యానెల్‌లో నేనే ఖాళీ డేటాబేస్ ఒకటి చేసి దాని పేరు ఇచ్చాను. తర్వాత ఒక ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేదంది. ఇచ్చాను. ఇలా నాలుగు ఆదివారాలు పోయాయి. అబద్ధం ఎందుకు, అవి నాకు సుఖంగానే గడిచాయి. కంప్యూటర్ ఏం చెప్పినా రాసి చెప్తుంది. ఎదురుగా ఉన్నవాడి పెదాలు చూసి ఊహించే పని లేదు, అర్థం కానప్పుడు అర్థమైనట్టు తల ఊపే పని అసలే లేదు. తప్పు జరిగితే ఎర్ర అక్షరాల్లో తప్పని రాసేస్తుంది.

ఐదో ఆదివారం ఫోరం తెరుచుకుంది. "అందరికీ స్వాగతం" అని మొదటి మాట రాసి నొక్కాను. తెర మీద వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి.

హోస్టింగ్ వాళ్ళకు రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. సర్వర్ చేసే పట్టికలు మామూలుగా ఇంగ్లీషు అక్షరాలనే దాచుకుంటాయి. వేరే అక్షరం ఏది వచ్చినా దాని బదులు ప్రశ్నార్థకం పెట్టేస్తాయి. అది అందరికీ కలిపి చేసిన ఏర్పాటు, మీ ఒక్కరి కోసం మార్చలేం. మీ పట్టికలను ఒక్కొక్కటిగా మీరే మార్చుకోవచ్చు. ఇదీ జవాబు. డేటాబేస్ తెరిస్తే అరవైకి పైగా పట్టికలున్నాయి. అన్నీ మార్చే ఓపిక లేక, పనికొచ్చేవి ఏరుకున్నాను. రాతలు దాచే పట్టిక, అంశాల పట్టిక, ఫోరంలో విషయానికొకటిగా ఉండే గదుల పేర్లు, సభ్యుల పేర్లు. మధ్యలో ఆంతరంగిక సందేశాల పట్టిక కనిపించింది. ఒకరు ఇంకొకరికి మాత్రమే, మిగతావాళ్ళకు కనపడకుండా రాసుకునే ఉత్తరాలు అందులో ఉంటాయి. నాకు రహస్యంగా రాసేవాళ్ళెవరున్నారులే అనుకుని దాన్ని దాటేశాను.

తెర మీద తెలుగు వచ్చింది. నాకు గర్వం కూడా వచ్చింది. బాగేపల్లిలో ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి, పొట్లం కట్టిన పేపర్లు చదివి తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కదా, నా పాండిత్యమంతా అందులో కుమ్మరించాను. "నమోదు చేసుకోండి", "నూతన అంశమును ప్రారంభించండి" అని గుండ్రటి తెలుగులో బోర్డులు పెట్టి, మండికల్ వెళ్ళి వదినకు చూపించాను. ఆమె ఫోన్ దూరంగా పట్టి చూసింది, దగ్గరగా పట్టి చూసింది. తర్వాత నా చెవి దగ్గర ఒక్కో మాటా విడదీసి అరిచింది.

"అచ్చరాలు మన కన్నడం మాదిరే ఉండాయి, కానీ కాదు. సగం తెలస్తాది, సగం తెల్దు. నమోదంటే ఏమప్పా?"

ఎంత తెలివితక్కువవాణ్ణో అప్పుడు తెలిసింది. తెలుగు చదవడం రాని తెలుగువాళ్ళ కోసం తెలుగులో ఇల్లు కట్టాను. నేనూ వాళ్ళలోంచి వచ్చినవాణ్ణేనని, రోజూ అదే కచేరిలో కూర్చుంటానని మరిచిపోయాను. ఇంటికొచ్చి బోర్డులన్నీ పీకేసి కన్నడ అక్షరాల్లో ఇంటి మాటలు పెట్టాను. "లోపలికి రా." "మాట రాయి." మీకు వచ్చిన అక్షరాల్లోనే మన మాట రాయండి, చాలు అని పైన రాశాను. పాలూ పశువులకు ఒక గది, పెళ్ళిళ్ళూ కార్యాలకు ఒక గది, ఊరికే మాటలకు ఒక గది. పదకొండు మందికి పేర్లు, పాస్‌వర్డ్‌లు నేనే చేసి చీటీల మీద రాసి పంచాను. అక్క చీటీ బావ చేతికిచ్చాను. ఆవు చచ్చినప్పటి నుంచి ఆ ఇంటికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

ఎవరూ రాలేదు.

ఫోరం అడుగున ఒక వరస ఉంటుంది. "సభ్యులు: పన్నెండు. ఇప్పుడు లోపల ఉన్నవాళ్ళు: ఒకరు." ఆ ఒకరూ నేనే. పొద్దున బస్సులో చూస్తే ఒకరు. మధ్యాహ్నం డబ్బా తెరిచి చూస్తే ఒకరు. పేజీ తెరవకుండా ఉంటే సున్నా అయివుండేది, చూడటానికి నేను లోపలికి వెళ్ళబట్టి ఒకరు. ఆ వరస తీసేయొచ్చు, దానికి సెట్టింగు ఉంది. తియ్యలేదు. పాలూ పశువుల గదిలో నేనే ఒక ప్రశ్న అడిగి, వారం ఆగి, నేనే జవాబు రాసుకున్నాను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది. రెండు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున బట్టలు ఆరేసి వచ్చి చూస్తే, లోపల ఉన్నవాళ్ళు: ఇద్దరు.

పక్కనే రెండో పేరు ఉంది. అక్కకు నేను పెట్టిన పేరు. కుర్చీలోంచి లేవలేదు. మళ్ళీ మళ్ళీ పేజీ తాజా చేస్తూ కూర్చున్నాను. ఇద్దరు. పావుగంటకూ ఇద్దరే. అక్క ఏడో క్లాసుతో బడి మానేసింది, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఉంటుంది అనుకున్నాను. ముప్పావుగంట అయింది. మేమిద్దరం అంతసేపు ఒకేచోట ఉండి ఎన్నాళ్ళయిందో. తర్వాత మళ్ళీ ఒకరు అయింది. గదులన్నీ వెతికాను. ఎక్కడా కొత్త రాత లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రాయలేక వెళ్ళిపోయిందనుకున్నాను. అప్పుడు పైన, నా పేరు పక్కన, ఇంతకుముందెప్పుడూ వెలగని చిన్న కవరు బొమ్మ వెలుగుతూ కనిపించింది. ఒక ఆంతరంగిక సందేశం. నలుగురూ చదువుతారని సిగ్గుపడి అక్క నా ఒక్కడికే రాసింది.

తెరిచాను. తొమ్మిది వరసలు. అన్నీ ప్రశ్నార్థకాలే. నేను దాటేసిన పట్టిక.

ఖాళీలు మాత్రం పోలేదు. ఏ మాట ఎక్కడ ముగిసిందో తెలుస్తోంది, ఎక్కడ చుక్క పెట్టిందో తెలుస్తోంది. పొడుగు మాట, పొట్టి మాట, పొట్టి మాట, చుక్క. ఫోన్లో అక్క గొంతు నాకు సరిగ్గా అలాగే వినిపించేది. డేటాబేస్ లోపలికి వెళ్ళి చూశాను, అక్కడా అవే. హోస్టింగ్ వాళ్ళకు రాస్తే, దాచుకున్నదే ప్రశ్నార్థకాలు గనక వెనక్కి తేవడానికి ఏమీ లేదన్నారు. ఆ ఒక్క పట్టిక మార్చడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు రెండు నెలల కిందటే ఎందుకు పెట్టలేదని నన్ను నేను తిట్టుకున్నాను. అక్క ఏం రాసి ఉంటుంది? ఆవు గురించి తిట్టిందా? క్షమించానందా? ఏడు రోజులు ఆ తొమ్మిది వరసల్లో ఏవేవో మాటలు పెట్టి చూసుకున్నాను. ఏవి పెట్టినా పట్టేవి. తర్వాతి ఆదివారం చింతామణి బస్సెక్కాను.

అక్క నన్ను చూసి కాళ్ళకు నీళ్ళిచ్చింది. కొట్టంలో ఒక్క సీమావే ఉంది, రెండోదాన్ని కట్టే గూటం ఖాళీగా ఉంది. సంగటి, ఉలవల చారు పెట్టింది. తిన్నాక ఫోన్ తీసి ఆ సందేశం చూపించి, తప్పు నాదేనని చెప్పి, ఏం రాసావక్కా అని అడిగాను. ఆ వరసలు చూసి అక్క మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఇంకోసారి వేలితో పైకీ కిందకీ జరిపి చూసింది. ముప్పావుగంట కష్టం మరి.

నా కుడి పక్కకు వచ్చి కూర్చుంది. చెవికి నోరు ఆనించి చెప్పడం మొదలుపెట్టింది. నిదానంగా, చాలాసేపు చెప్పింది. ఊపిరి వెచ్చగా తగులుతోంది. "ఆవు" అన్న మాట దొరికింది. "నువ్వు" దొరికింది. బయట ట్రాక్టరేదో పోతోంది, నేలలో అదురు తెలుస్తోంది. మిగతావి దొరకలేదు. ఇంత దూరం వచ్చి, ఇంత దగ్గర కూర్చుని, ఇంకోసారి చెప్పక్కా అనడానికి నోరు రాలేదు. తల ఊపాను. ఆమె చెప్తోంది, నేను ఊపుతున్నాను.

అక్క మధ్యలోనే ఆపేసింది. ఆపి నా మొహంలోకి చూసింది. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "యాడ రాయల్ల?" అంది. అది పెదాల మీద తెలిసింది. ఊరికే మాటల గది తెరిచి ఇచ్చాను.

గడప మీద కూర్చుని ఒంటి వేలితో రాయడం మొదలుపెట్టింది. మధ్యలో లేచి ఆవుకు గడ్డి వేసి వచ్చింది. పక్కింటామె వచ్చి ఏదో అడిగితే చేత్తోనే ఆగమంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదట రాసిన ఆ తొమ్మిది వరసలేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి రాసింది మళ్ళీ రాదు పో అంటుంది. ఆ రోజు రాసింది మాత్రం మూడే వరసలు. ఫోన్ నా చేతికిచ్చింది. కన్నడ అక్షరాలు, మా ఇంటి మాట. యాభై ఏళ్ళుగా ఎరిగిన గొంతు కంటి దారిన వచ్చింది.

"నీకు ఇనపళ్ళేదని నాకు తెలుసప్పా. ఆవు సచ్చిన దినమే తెలిసిపాయ. నేను ఫోన్ చేస్తే నువ్వు అబద్ధం చెప్పల్ల, దానికే చేసేది మానేస్తి. ఇంగ నా ముందర తలకాయి ఊపొద్దు."

చదివాను. చదివి, నా పాడు అలవాటు, తల ఊపాను. యాభయ్యేళ్ళవాణ్ణని కూడా చూడకుండా అక్క నా నెత్తిన మొట్టికాయ వేసింది.